ఖాళీ చేతుల అంతోనియో

పునీతుల్ని శిక్షించడం మా కొండల్లో కొత్తేమీ కాదు. వానలు ముఖం చాటేస్తే పునీతుణ్ణి గుడి నీడలోంచి మోసుకొచ్చి, ఎండిన మొక్కజొన్న చేలో మిట్టమధ్యాహ్నం నిలబెట్టి, "చూసుకో నాయనా నీ నిర్వాకం" అని వదిలేసి పోయే ఊళ్లు నాకు మూడు తెలుసు. ఇంకో ఊళ్లో పునీతుడి చెప్పులు దాచేశారు. ఆయన రోజూ పొరుగూరికి నడిచిపోయి అక్కడ వానలు కురిపిస్తున్నాడని వాళ్ల అనుమానం. ఇక పునీత అంతోనియో పడ్డ బాధలు చెప్పనే అక్కర్లేదు. పెళ్లి కుదరని పిల్లలు ఆయన చేతిలోని బాలయేసును లాక్కుని, "మొగుణ్ణి చూపించు, నీ పిల్లాణ్ణి ఇస్తాను" అని బేరం పెడతారు. అందుకే మా చెక్కడపువాళ్లు ఆ పసివాణ్ణి విడిగా చెక్కి, ఊడదీయడానికి వీలుగా చిన్న మేకుకు గుచ్చుతారు. పెద్ద చదువులు చదివినవాళ్లు రాసిన పుస్తకాల్లో ఇదంతా ఒక పేజీలో, అదీ కింద చిన్న అక్షరాల్లో తేల్చేస్తారు. నేను ఆ పుస్తకాలూ చదివాను. పునీతుల ముక్కులు అతికిస్తూ, బుగ్గలకు రంగులు వేస్తూ నలభై ఏళ్లు ఈ లోయలన్నీ తిరిగాను. ఆ పేజీ రాసినవాళ్లు పియెద్రా మోరా అనే ఊళ్లో ఒబ్దూలియాను ఒక్కసారి కలిసి ఉంటే అక్షరాలు కాస్త పెద్దవి చేసేవారు.

ఒబ్దూలియా బస్సులు ఆగే చోట జావ అమ్మేది. మొక్కజొన్న జావ, దాల్చినచెక్క వేసి. తెల్లారి మొదటి బస్సుకు నగరానికి పోయేవాళ్లంతా ఆమె కుండ చుట్టూ చేరేవారు. జావ తీపి, మాట కారం అనేవారు ఆమె గురించి. మొగుడు గాబినో కాఫీ తోటలో పనివాడు, మెత్తనివాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య నలిగి నలిగి, చివరికి ఆ ఇద్దరి ముందూ వాన గురించీ మంచు గురించీ తప్ప ఇంకేదీ మాట్లాడని స్థితికి వచ్చాడు.

ఆ తల్లి కాసిల్దా. పెద్దరికానికి దోన్యా కాసిల్దా అనేవారు. అంతోనియో గుడికి కావలి ఆవిడే. పునీతుడి దుస్తులు ఉతకడం, పూలు మార్చడం, కొవ్వొత్తుల మైనం గీకడం అన్నీ ఆమె పనులు. గుడి తాళంచెవి ఎర్ర తాడుతో ఆమె మెళ్లో వేలాడేది. అరచేయంత పాత ఇనుప తాళంచెవి అది, ఏ తాతల కాలంలోనో పాదిరి దీవించింది. ఊళ్లో ఏ గర్భిణికి భయం వేసినా, ఏ పసివాడికి దిష్టి తగిలినా ఆ తాళంచెవి కోసం వచ్చేవారు. కాసిల్దా ఇచ్చేది. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది మాత్రం ఆమె ఇష్టం.

తొంభై ఒకటి జూలైలో పట్టపగలు ఒంటిగంటకు చీకటి పడుతుందని రేడియో నెలరోజుల ముందే చెప్పింది. ఈ గ్రహణాల్ని వందేళ్లు ముందుగా, నిమిషంతో సహా గుణించి పెట్టిన పండితుల గురించి నేను చదివాను. మహానుభావులు. అయితే సూర్యుడి మీద చీకటి ఎంతసేపుంటుందో చెప్పగలిగినవాళ్లెవరూ, ఒకే కుటుంబంలో రెండు కడుపులుంటే ఉన్న ఒక్క తాళంచెవి ఎవరి నడుముకు చేరుతుందో చెప్పలేదు. కాసిల్దా కూతురు ఆల్బినాకు అయిదో నెల. కోడలు ఒబ్దూలియాకు మూడో నెల. గ్రహణం పట్టినప్పుడు కడుపు మీద ఇనుము ఉండాలి, లేకపోతే చంద్రుడు లోపలి బిడ్డ పెదవి కొరికేస్తాడు. ఇది మా దగ్గర ఊయల్లోని పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

కాసిల్దా తాళంచెవిని ఎర్ర గుడ్డలో చుట్టి కూతురి పొట్టకు కట్టింది. కోడలి చేతిలో ఒక పిన్నీసు పెట్టింది.

"ఇదేంటత్తా?"

"ఇనుమే. ఇనుము ఎక్కడున్నా ఇనుమేగా. గుచ్చుకుని పడుకో పో."

ఒబ్దూలియా పిన్నీసును లోపలి పావడాకు గుచ్చుకుని, కిటికీ మూసి, దుప్పటి తలమీదికి లాక్కుని పడుకుంది. కోళ్లు గూట్లోకి పోయాయి, కుక్కలు ఏడ్చాయి, కాసేపటికి మళ్లీ తెల్లారింది. నవంబరులో ఆల్బినాకు మగపిల్లాడు పుట్టాడు, అరిస్తే లోయ అవతలికి వినపడే గొంతు వాడిది. జనవరిలో ఒబ్దూలియాకు నీదియా పుట్టింది. గ్రహణమొర్రి. పెదవి ముక్కుదాకా చీలి ఉంది, లోపల అంగిలి తలుపు తీసిన ఇల్లులా ఉంది. పట్టిన పాలు ముక్కులోంచి వచ్చేసేవి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి చుక్కచుక్కగా పోస్తే ఒక పూట పాలకు గంట పట్టేది. ఆ గంట అయ్యేసరికి మళ్లీ ఆకలి వేళయ్యేది.

అప్పుడే కాసిల్దా తన మాట ఊళ్లోకి వదిలింది. "పిన్నీసు పెట్టుకోవే అని నెత్తీనోరూ బాదుకున్నాను. పెట్టుకుంటేనా! గ్రహణం చూడ్డానికి పెరట్లోకి పోయింది మహాతల్లి. నా మనవరాలు అనుభవిస్తోంది."

ఆ మాట నీళ్లరేవు దాటి, గానుగ దాటి, బస్సుల దగ్గరికి వచ్చింది. జావ తాగేవాళ్లు కప్పు చేతికిస్తూ, "నిజంగానే చూశావా, ఎలా ఉందేమిటి?" అని అడిగేవారు. రెండేళ్లు అడిగారు. ఒబ్దూలియా కప్పు కడిగి బోర్లించేది. పిన్నీసు మాత్రం ఆ పావడాకే ఉంచింది. నేను చూశాను, తుప్పు మరక పట్టిన గుడ్డతో సహా.

పెదవి మొదటి ఏడే కుట్టారు. నగరంలో పెద్దాసుపత్రికి ఏడాదికి రెండుసార్లు బయటిదేశం డాక్టర్ల బృందం వచ్చి ఇలాంటి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసేది. అంగిలి దగ్గరికొచ్చేసరికి నీదియాను రెండుసార్లు తిప్పి పంపారు, ఒకసారి దగ్గు, ఒకసారి బరువు చాలలేదని. మూడోసారికి పిల్లకు రెండేళ్లు దాటాయి. తొంభై నాలుగు మే నెల, పదహారో తేదీ ఇచ్చారు. నర్సు ఒక కొవ్వొత్తి వెలిగించి నీదియా ముందు పెట్టి ఊదమంది. పిల్ల బుగ్గలు పూరించి ఊదింది. గాలంతా ముక్కులోంచి బుస్సుమని పోయింది, మంట కదల్లేదు.

"అంగిలి మూసుకుంటే ఆర్పేస్తుందమ్మా. మాకు అదే పరీక్ష," అంది నర్సు.

ఊరికొచ్చి అత్తగారింట్లో ఆ మాట చెబితే కాసిల్దా పూలు గుచ్చుతూ తల కూడా ఎత్తలేదు. "మా ఆల్బినా కొడుకు పెళ్లివిందుల్లో కొవ్వొత్తులన్నీ ఊదేసి చావగొడుతున్నాడు. ఏం చేస్తాం, ఎవరి తల్లి పుణ్యం వారిది."

ఆ శనివారం, కాసిల్దా భోజనానికి ఇంటికి పోయిన వేళ, ఒబ్దూలియా తెరిచున్న గుడిలోకి వెళ్లింది. చేతిలో ఎండుమిరపకాయల సంచి. అంతోనియో చేతిని అందుకోవడానికి మోకాళ్లపీట లాక్కుంది. ఈ భాగం ఆమె నాకు చెప్పినట్టే రాస్తున్నాను. ఆమె కథలకు తాలింపు పెట్టే మనిషి కాదు.

"చూడు అంతోనియో అయ్యా," అందట, "కడుపుతో ఉన్నప్పుడు నీకు మొక్కాను. పిల్ల పుట్టాక నీకు ఏడ్చాను. నీ తాళంచెవి ఎవరి నడుముకు పోయిందో ఇక్కడే నిలబడి చూశావు. ఇక మొక్కను. నా పిల్ల నీ ముందు కొవ్వొత్తి ఊది ఆర్పిన రోజున నీ పిల్లాణ్ణి నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా నువ్వూ ఖాళీ చేతుల్తో నిలబడు. ఎలా ఉంటుందో తెలుస్తుంది."

మేకు మీంచి పసివాణ్ణి ఊడదీసి మిరపకాయల్లో పెట్టుకుని వచ్చేసింది. మోచేతి పొడుగు దేవదారు బొమ్మ, గాజు కళ్లు, నవ్వుతూ కొద్దిగా తెరిచిన నోరు. అంతోనియో తిరునాళ్లు జూన్ పదమూడు. ఆ రోజు పసివాడు లేకుండా ఊరేగింపు కదలదు, ఆ సిగ్గంతా గుడి కావలిదానిది. ఈ సంగతి ఒబ్దూలియా మర్చిపోయి తీసిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఆసుపత్రికి కూడా వాణ్ణి మోసుకుపోయింది. ఆపరేషన్ ముందు నీదియాను పస్తు ఉంచారు. పిల్ల ఏడుస్తుంటే ఒబ్దూలియా పసివాడి జరీ గౌను విప్పి సంచిలో కుక్కింది. "నా పిల్ల ఈ గుడ్డపేలికలో వణుకుతుంటే నీకు జరీనా?" గాబినో అటూ ఇటూ చూసి, "సాయంత్రం వాన పడేట్టుంది," అన్నాడు.

లోపల మూడు గంటలు పట్టింది. మిగతా తల్లులు జపమాలలు తిప్పారు. ఒబ్దూలియా శాలువా కింద పసివాడి మెడ పట్టుకుని కూర్చుంది. భక్తి అంటే చేతులు జోడించడమేనని అనుకునేవాళ్లకు ఆమె భక్తి కనిపించదు. మూడు గంటల్లో ఆ పట్టు ఒక్కసారి సడల్లేదు. వేళ్ల గుర్తులు పడి మెడ మీది రంగు రేగిపోయింది. తర్వాత ఆ రంగు వేసింది నేనే.

డాక్టరమ్మ బయటికొచ్చి, దుబాసీ ద్వారా చెప్పింది. బాగా జరిగింది, కుట్లు మంచిగా కుదిరాయి. మూడు వారాలు నోట్లో ఏదీ పెట్టకూడదు. చెంచా వద్దు, పుల్ల వద్దు, వేలు అసలే వద్దు. పల్చటి జావ కప్పుతో పొయ్యాలి.

"జావ సంగతి నాకు చెబుతోందా ఈవిడ!" అంది ఒబ్దూలియా. రెండేళ్లలో ఆమె నవ్వడం అదే మొదటిసారి అని గాబినో నాతో అన్నాడు.

నోట్లో వేళ్లు పెట్టుకోకుండా నీదియా మోచేతులకు అట్టగొట్టాలు తొడిగారు. ఒబ్దూలియా నర్సును ఇంకో జత అడిగింది, చిన్నవి.

"ఇంకో పిల్లాడున్నాడా అమ్మా?"

"ఉన్నాడు. వీడి చేతులూ కట్టాలి."

ఈలోగా పియెద్రా మోరాలో కాసిల్దా పరిస్థితి ఇది. మేకు ఖాళీగా కనబడగానే తలుపులు వేసేసి గుడంతా వెతికింది. ఏ పెళ్లికాని పిల్లో పట్టుకుపోయిందనుకుని పెళ్లికాని పిల్లలందర్నీ ఒక్కొక్కర్నీ పిలిచి మొగుళ్ల గురించి ఆరా తీసింది. దాంతో ఊళ్లో మూడు రహస్యాలు బయటపడ్డాయి గానీ పసివాడు మాత్రం దొరకలేదు. చివరికి ఆల్బినా చిన్నప్పటి గుడ్డబొమ్మకు ముసుగు కప్పి అంతోనియో చేతిలో ఇరికించి, "పసివాడికి రంగులు వేయిస్తున్నాం, ముసుగు తియ్యకండి" అని చెప్పింది. నన్ను రహస్యంగా పిలిపించింది.

నేను ముసుగు తీసి చూశాను. పసుపుపచ్చ ఉన్ని జుట్టు, బొత్తాం కళ్లు, గళ్ల గౌను.

"దోన్యా కాసిల్దా, ఇది ఆడపిల్ల."

"నవ్వకు మేస్త్రీ. నా ప్రాణం పోతోంది ఇక్కడ. తిరునాళ్లలోపు ఇంకో పసివాణ్ణి చెక్కు. అచ్చు వాడిలాగే. ఎవరికీ చెప్పకు."

గుడి వెనక గదిలో దిగాను. దేవదారు దుంగ తీసుకుని పని మొదలుపెట్టాను. పొద్దున్నే జావకు పోయేవాణ్ణి. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఒబ్దూలియా దుకాణం బంద్ పెట్టడంతో కప్పు పట్టుకుని ఇంటికే వెళ్లాను. పొయ్యి పక్కన అరమీద వాడు కనబడ్డాడు. ఒంటిమీద నూలుపోగు లేదు, రెండు చేతులకూ అట్టగొట్టాలు. పక్కనే నీదియా, అవే గొట్టాలు. ఇద్దరూ నన్ను ఒకే రకంగా చూశారు.

"ఇక చెక్కడం మానెయ్, మేస్త్రీ," అంది ఆమె జావ పోస్తూ. "తిరునాళ్లకు వాడు వస్తాడు. పిల్ల కొవ్వొత్తి ఆర్పితే."

"ఆర్పకపోతే?"

"ఆయన చేతిలో ఉంది అది."

నేను కాసిల్దాకు చెప్పలేదు. చెక్కడమూ మానలేదు. రెండువైపులా తినే వృత్తి మాది.

ఆపరేషన్ అయిన పదిహేడో రోజున, అంటే ఇంకో నాలుగు రోజుల్లో గడువు తీరుతుందనగా, మొక్కజొన్న నిండుకుంది. సంతరోజు. పిల్లను మొగుడికి అప్పజెప్పి, పసివాణ్ణి సంచిలో వేసుకుని ఒబ్దూలియా సంతకు పోయింది. ఆమె మలుపు తిరిగిందో లేదో కాసిల్దా వచ్చి, "నేను చూస్తాలేరా, నువ్వు తోటకు పో, కలుపు పెరిగిపోయింది" అని కొడుకును పంపేసింది. ఆమె నవ్వుకుంటూ వచ్చిందట. నీదియా కోసం కొత్త రిబ్బను కూడా తెచ్చిందట.

మా దగ్గర మాట ఆలస్యమైన పిల్లల నోట్లో గుడి తాళంచెవి పెట్టి మూడుసార్లు తిప్పుతారు. తాళం తీసినట్టు. గాబినో నోట్లో తిప్పారు, అతనికి నాలుగేళ్లు వచ్చేదాకా మాట రాలేదు మరి. నాకూ తిప్పారని మా అమ్మ చెప్పేది, తర్వాత ఎందుకు తిప్పించానా అని కూడా అనేది. కాసిల్దా ఆలోచనలో ఏ దోషమూ లేదు, ఆ ఆలోచన నిలబడ్డ చోటే తప్పు. చీలింది డాక్టర్లు మూసేశారు. మూసింది తెరిస్తేనే కదా మాట బయటికొచ్చేది!

ఒకసారి తిప్పింది. రెండోసారికి నెత్తురు వచ్చింది.

ఒబ్దూలియా సంచి దింపేసరికి నీదియా గడ్డం మీద ఎర్రటి చార, పక్కన నేల మీద చతికిలబడ్డ అత్త, ఒళ్లో రిబ్బను, తాళంచెవి. "మంచికే చేశానే, మంచికే," అంటోంది ముసలామె.

ఒబ్దూలియా పిల్లను శాలువాలో కట్టుకుని బస్సెక్కింది. డాక్టర్ల బృందం అప్పటికే వెళ్లిపోయింది. ఆసుపత్రిలో ఉన్న కుర్ర డాక్టరు చూసి, వెనక భాగం గట్టిగానే ఉందన్నాడు. మధ్యలో రెండు కుట్లు తెగి కందిగింజంత కన్నం పడింది. ఇప్పుడు ముట్టుకోకూడదు. నవంబరులో బృందం వచ్చినప్పుడు మళ్లీ మూయాలి.

తిరిగొచ్చిన మూడోరోజు ఒబ్దూలియా నా గదికి వచ్చి, శాలువాలోంచి పసివాణ్ణి తీసి బల్ల మీద పెట్టింది.

"మేస్త్రీ, వీడి నోట్లో పైకి కన్నం చెయ్యాలి. కందిగింజంత."

నేను ఉలి పక్కన పెట్టాను. "తల్లీ, పాపం కదూ. వందేళ్లు దాటిన బొమ్మ."

"నా పిల్లను పస్తు పెడితే వీడూ పస్తున్నాడు. దాని చేతులు కట్టేస్తే వీడి చేతులూ కట్టాను. ఇప్పుడు నా పిల్ల నోట్లో కన్నం పడింది. వీడికి పడకపోతే ఎలా? ఏం న్యాయం?"

"నేను చెయ్యలేను."

"సరే, నేనే చేస్తాను. నాకు చేతకాక పెద్దదైపోతుంది. ఆ పాపం నీది."

కాఫీ బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చుకుంది. నా కుంపట్లో ఎర్రగా కాల్చింది. చెక్క పగలకుండా బొమ్మను నేను గట్టిగా పట్టుకున్నాను. నా పాలు అంతవరకే. దేవదారు కాలిన వాసన వచ్చింది, చక్కటి వాసన. పసివాడు నవ్వుతూనే ఉన్నాడు. ఒబ్దూలియా కన్నానికి కన్ను ఆనించి చూసి, ఒక కందిగింజ తీసి కొలిచింది. సరిగ్గా పట్టింది.

జూన్ పదమూడు ఉదయం. పల్లకీ గుమ్మంలో సిద్ధంగా ఉంది, బాకాలవాళ్లు బయట గొంతులు సవరించుకుంటున్నారు. కాసిల్దా నేను చెక్కిన కొత్త పసివాణ్ణి గుడ్డలో చుట్టుకుని నిలబడింది. నీదియా చెయ్యి పట్టుకుని ఒబ్దూలియా లోపలికొచ్చింది. వెనక గాబినో. ఎవర్నీ చూడకుండా నేరుగా అంతోనియో ముందుకు పోయి, ఒక కొవ్వొత్తి వెలిగించి, పిల్ల మొహం ముందు పట్టుకుంది.

"ఊదమ్మా."

నీదియా బుగ్గలు పూరించింది. ఊదింది. మంట వంగింది. ఒక్క క్షణం నీలంగా మారి, చదునైపోయి, మళ్లీ లేచి నిలబడింది. మిగిలిన గాలి ముక్కులోంచి సన్నగా ఈల వేసింది.

"వంగింది!" అని అరిచింది కాసిల్దా. "వంగిందే కోడలా! చూశావా, వంగింది!"

"ఆర్పితే ఇస్తానన్నాను. వంగితే ఇస్తాననలేదు."

"ఏమిస్తానన్నావే?"

ఒబ్దూలియా శాలువా తీసింది. ముసలామె చేతిలోంచి నేను చెక్కినవాడు జారి నేల మీద పడ్డాడు, ఒక చెవి పోయింది. ఆమె దాన్ని చూడలేదు. అసలు పసివాడి మొహం దగ్గరికి తన మొహం పెట్టుకుంది. గుడ్డి చూపు కాదు ఆవిడది. కన్నం కనబడింది.

"నువ్వా? ఇంతకాలం నువ్వా? వీడి నోరు... ఒసేయ్, దేవుడి నోరే అది!"

"నా పిల్లది గొడ్డు నోరా?" అంది ఒబ్దూలియా. గొంతు పెంచలేదు. "ఆయన చేతిలో నేను పెట్టను. ఆయనకూ నాకూ బేరం తీరలేదు. నువ్వు మొయ్యి. పల్లకీ ముందు, ఊరంతా. నోటికేమైందని అడుగుతారు. ఏం చెబుతావో నీ ఇష్టం అత్తా. నేను పక్కనే నడుస్తాను. పిల్లా నడుస్తుంది."

గాబినో నోరు తెరిచాడు. వాన గురించి చెబుతాడేమోననుకున్నాను. "మొయ్యమ్మా," అన్నాడు.

పియెద్రా మోరాలో ఊరేగింపు పద్నాలుగు మలుపుల దగ్గర ఆగుతుంది. ప్రతి మలుపులోనూ ఆడవాళ్లు వచ్చి పసివాడి పాదాలు ముద్దు పెట్టుకుంటారు. మొదటి మలుపులో మిఠాయిలమ్మే ఆవిడ తల ఎత్తి, "అయ్యో, నోటికేమైంది?" అంది. "ఎలుక," అంది కాసిల్దా. ఒబ్దూలియా ఏమీ అనలేదు. రెండో మలుపులో అడిగారు. "పాత చెక్క కదమ్మా." మూడో మలుపులో దాహమేసి నీదియా ఏడిస్తే ఆమె కూర్చుని కప్పుతో జావ పట్టింది. అందరూ చూస్తుండగా ఆ జావ కొంచెం పిల్ల ముక్కులోంచి కారింది. ఒబ్దూలియా శాలువా కొసతో తుడిచి, లేచి, మళ్లీ అత్త పక్కన నిలబడింది. అంతే చేసింది.

"నోటికేమైంది దోన్యా కాసిల్దా?" అడిగింది ఎవరో.

"నేనే," అంది ముసలామె. "దీని నోట్లో కుట్లు మానకముందే తాళంచెవి పెట్టి తిప్పాను. నేనే."

"పూర్తిగా చెప్పు అత్తా."

"గ్రహణం నాడు తాళంచెవి ఆల్బినాకు కట్టాను. దీనికి పిన్నీసు ఇచ్చాను. ఇది పెట్టుకుంది. పెరట్లోకి పోలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఇంకా పదకొండు మలుపులు మిగిలాయి. ప్రతి చోటా అడిగారు. తొమ్మిదో మలుపుకు వచ్చేసరికి తెలిసి కూడా అడగడం మొదలుపెట్టారు. మా ఊళ్లు అలాంటివి. పన్నెండో మలుపులో కాసిల్దా గొంతు పూర్తిగా పోయింది, పెదవులు మాత్రం కదిలాయి. ఒబ్దూలియా చెవి దగ్గర పెట్టి విని, "వినబడలేదట, మళ్లీ చెప్పు," అంది. కాసిల్దా మళ్లీ చెప్పింది.

గుడికి తిరిగొచ్చాక ఒబ్దూలియా అత్త మెళ్లోని ఎర్ర తాడును తల మీదుగా తీసి, తన మెళ్లో వేసుకుంది. ముసలామె వద్దనలేదు. పసివాడు మళ్లీ పొయ్యి పక్కన అరమీదికి పోయాడు.

నేను ఊరు విడిచే రోజున జావ తాగుతూ అడిగాను. "నిజం చెప్పు, ఆ తాళంచెవి నీకు కట్టి ఉంటే పిల్ల బాగా పుట్టేదంటావా?"

"లేదు. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె మాటే నమ్మాను."

"మరి?"

"మా అత్త నమ్ముతుంది కదా మేస్త్రీ. ఆ ఇనుము బిడ్డను కాపాడుతుందని మనసారా నమ్మి, దాన్ని తీసుకెళ్లి తన కూతురికి కట్టింది. నా చేతిలో పిన్నీసు పెట్టింది. చంద్రుణ్ణి నేను క్షమించేస్తాను, వాడికి ఏమీ తెలియదు."

"అంతోనియో ఏం చేశాడు పాపం?"

"చూశాడు," అంది. "లేనివాడైతే నేను ఇంత తగాదా ఎందుకు పెట్టుకుంటాను? ఉన్నాడు కాబట్టే." కప్పు లాక్కుని కడిగింది.

ఆ రెండో పసివాణ్ణి, చెవి అతికించి, పక్క లోయలో ఒక పేద గుడికి ఇచ్చేశాను. వాడి నోరు మూసే చెక్కాను, ముందుజాగ్రత్తగా.

నవంబరులో బృందం వచ్చి నీదియా అంగిలిలోని కన్నం మూసింది. ఈసారి మూడు వారాలూ ఒబ్దూలియా దుకాణం తియ్యలేదు, గుమ్మం దాటలేదు, అత్తను గుమ్మంలోకి రానివ్వలేదు. మరుసటి జూన్‌లో నేను మళ్లీ ఆ దారిన పోయాను. పదమూడో తేదీ ఉదయం నీదియా అంతోనియో ముందు నిలబడి, తల్లి చేతిలోని కొవ్వొత్తిని ఒక్క ఊదుతో ఆర్పింది. ఆర్పి ఊరుకోలేదు. పక్కదీ ఆర్పింది. బలిపీఠం మీదవన్నీ వరసగా ఆర్పుకుంటూ పోయింది, భక్తులు మొక్కులకు వెలిగించుకున్నవి కూడా. "పిల్లను పట్టుకోండ్రా," అని గొడవ. ఒబ్దూలియా పట్టుకోలేదు. తేనెమైనం ముద్ద పసివాడి నోట్లోని కన్నంలో కూరి, బొటనవేలితో నునుపు చేసి, జరీ గౌను తొడిగి, ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న అంతోనియో చేతిలోని మేకుకు గుచ్చింది.

కాసిల్దా స్తంభం చాటు నుంచి అడిగింది. "ఇక అయిపోయిందా, అమ్మా?"

"ఆయనతో అయిపోయింది."

తాళంచెవి ఇప్పటికీ ఒబ్దూలియా మెళ్లోనే ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు ఎవరడిగినా ఇస్తుంది. ముందు వచ్చినవాళ్లకు ముందు, ఆల్బినా వచ్చినా అంతే. గుడి కావలి మాత్రం కాసిల్దాదే. కాబట్టి రోజూ పొద్దున్నే ఆ ముసలామె పూలబుట్ట పట్టుకుని బస్సుల దగ్గరికి వస్తుంది, జావ కుండ చుట్టూ మూగిన జనం వెనక నిలబడుతుంది.

"కోడలా, తాళంచెవి."

ఒబ్దూలియా తల ఎత్తదు. గరిటె ముంచుతుంది, కప్పు నింపుతుంది, ఇంకో కప్పు నింపుతుంది.

"ముందు బస్సు పోనీ, అత్తా."